జలదారి పక్కన వావిలి

నాగక్క వావిలి కొమ్మను చివర పట్టుకొని కిందికి దూసింది. ఆకంతా చాటలోకి రాలింది. పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతున్నాయి. ఆకు వేయగానే నీళ్లకు ముదురు రంగు దిగి, దొడ్డంతా ఘాటైన వాసన కమ్ముకుంది. ఆ వాసన నాగక్క ఒంటిని ఏనాడూ విడవదు. అరచేతుల గీతల్లో పసరు నల్లగా ఇంకిపోయింది. ఊళ్లో ఏ ఇంట కాన్పయినా బాలింతకు నీళ్లు పోసేది ఆమే.

ఈ పొద్దు బండ మీద కూర్చున్నది ఈరేష్ కూతురు శివకుమారి, కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. నాగక్క చెంబుతో ఆమె నడుం మీద నీళ్లు కొట్టింది.

"అవ్వా, తోలు ఊడొస్తాండాది!"

"ఊడనీలే. కొత్తది వస్తాది. నడుం వంచు."

పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న శివకుమారి తల్లి మహాదేవి నవ్వింది. "రోడ్డేసేటోళ్లు వంకలో వావిలి పొదలన్నీ మిషన్‌తో పెరికేసిరి గదా పెద్దమ్మా. ఆకు యాడ దొరికింది?"

"మీ గోడవతలే."

మహాదేవి నవ్వు ఆగిపోయింది. స్నానం నీళ్లు బయటికి పోయే జలదారి పక్కనున్న ఆ చెట్టు కొట్టేసి బాత్‌రూం కట్టాలని ఈరేష్ వాకిట్లో గొడ్డలి నూరుతున్నాడు. ఆ రాపిడి నాగక్క చెవిన పడుతూనే ఉంది. ఊరికి మిగిలిన వావిలి అదొక్కటే. అడిగితే కాదంటాడేమోనని ఆమె అడగలేదు. మరో చెంబు పోసింది.

"నువ్వు పుట్టినప్పుడు మీ యమ్మకు ఈ బండ మిందే నీళ్లు పోసినా," అంది శివకుమారితో. "ఆకు దూసిన పుల్లను నేను పొయ్యిలో పెట్టను. జలదారి తడిలో గుచ్చిపోతా. ఆ పుల్లే అది."

శివకుమారి తలెత్తింది. గోడ మీదుగా ఊదారంగు పూలగుత్తులు వంగి ఉన్నాయి, తేనెటీగలు ముసురుతున్నాయి. ఇన్నేండ్లూ అది తనంతట మొలిచిందనే అనుకున్నారు ఇంటిల్లిపాదీ. తన ఈడు చెట్టు. తన తల్లి ఒంటిమీది నీళ్లు తాగి పెరిగిన చెట్టు. ఆ ఆకు ఆవిరే ఇప్పుడు తన ముఖం మీద! శివకుమారి వాకిలి వైపు కేకేసింది.

"నాయనా, గొడ్డలి పక్కన పెట్టు. బాత్‌రూం ఇంకో మూల కట్టుకో."

రాపిడి ఆగింది. "ఏందమ్మా?"

"ఈ చెట్టు నాది."

"అప్పుడే భాగం అడుగుతాండావే!" అన్నాడు ఈరేష్. గొడ్డలిని గోడకు ఆనించిన చప్పుడు వినిపించింది.

నాగక్క కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకొని నీళ్లు పోసింది. పోతూ పోతూ ఆకు దూసిన పుల్లను జలదారి పక్కన గుచ్చి, బొటనవేలితో మట్టి అదిమింది.

సాయంత్రం సాంబ్రాణి పొగ వేయడానికి ఆమె రాలేదు. పిలవడానికి ఆమె ఇంటికి పోయిన మహాదేవికి, చెయ్యి తలకింద పెట్టుకొని నిద్రపోయినట్టే కనిపించింది. ఆ చేతిని తాకి చూసింది. చల్లబడింది, వావిలి వాసన మాత్రం పోలేదు.

మరునాడు శివకుమారికి మహాదేవే నీళ్లు కాచింది. జలదారి పక్కన పుల్ల నిటారుగా నిలిచి ఉంది; దాని మొదట్లో, తడిమట్టి మీద, చెరగని బొటనవేలి ముద్ర.