పిడికెడు బియ్యం పుష్పమ్మ

ఏడో ఇల్లు దాటేసరికి పుష్పమ్మ భుజం మీది సంచి సగం నిండింది. డోర్నకల్‌లో ఆ వీధి ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చర్చి పేరిట డబ్బాలో వేస్తారు. శనివారం ఆ డబ్బాలన్నీ సంచిలో వంపుకొని చర్చికి చేర్చడం పుష్పమ్మ పని. ఇరవై ఆరేళ్లలో ఒక్క శనివారం తప్పలేదు. ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చిందో, ఏ ఇంట్లో పూట తప్పుతోందో డబ్బా బరువును బట్టే ఆమెకు తెలిసిపోయేది. తెలిసినా నోరు విప్పేది కాదు.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు, పగిలిన మడమలు. వారం నుంచి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. పదడుగులకోసారి గోడ పట్టుకుంటోంది. నిన్న సాయంత్రం నర్సు హరిత చెయ్యి పట్టి చూసి, యంత్రం పెట్టి చూసి భయపడింది.

"గుండె మంచిగ లేదవ్వా. పొద్దుగాల్నే మానుకోట దవాఖానకు పోవాలె. నేను తోడొస్త."

"శనారం బియ్యం ఎవరు తెస్తరు బిడ్డా? సోమారం పోత."

ఈ పొద్దున్నే హరిత మళ్లీ వచ్చింది. పుష్పమ్మ అప్పటికే సంచి దులుపుతోంది. ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్లని వీధి వీధంతా ఎరుగును. హరిత చేసేది లేక వెళ్లిపోయింది. మానుకోట రైలుబండీ వెళ్లిపోయింది.

ఎనిమిదో ఇంట్లో సాంసన్ భార్య పీట వేసి మంచినీళ్లిచ్చింది.

"ముఖం గిట్ల పీక్కపోయిందేందవ్వా? ఏం రాతనో నీది. మొగడు ఇడిసిపెట్టకపోతే గీ వయసుల గీ తిప్పలెందుకుండు? అంత దేవుని చిత్తం."

ముప్పై మూడేళ్లుగా ఈ మాట పుష్పమ్మకు అలవాటే. తరిగొప్పులలో ఆమె భర్త దేవదాసు రెండో పెళ్లి చేసుకున్నాడని అందరికీ తెలుసు. అత్త కూర బాగాలేదని ఒక మాట అన్నందుకు పుష్పమ్మ కట్టుబట్టలతో తల్లిగారింటికి వచ్చేసిందని మాత్రం ఎవరికీ తెలియదు. దేవదాసు తీసుకుపోవడానికి వచ్చాడు. మూడోసారి పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. పుష్పమ్మ లోపల చేటలో బియ్యం ఏరుతూ, ఇంకొక్కసారి రానీ, అప్పుడు పోతాననుకుంది. అతను మళ్లీ రాలేదు. ఆ నిజం చెబితే తల దించుకోవాల్సి వస్తుందని, ఊరి జాలిని నోరెత్తకుండా మింగింది. పాపం, ఎంత చేదుగా ఉండేదో ఆమెకే తెలుసు.

ఎందుకో ఈరోజు మింగుడు పడలేదు. గ్లాసు కింద పెట్టింది.

"దేవుని మీదెందుకేస్తవు బిడ్డా? ఆయన మూడుసార్లొచ్చిండు. నేనే పోలే."

సాంసన్ భార్య కొంగు సర్దుకుంది.

"పోవాలనే ఉండె," అంది పుష్పమ్మ మెల్లగా.

మిగిలిన ఇళ్లు ఎలా తిరిగిందో ఆమెకే తెలియదు. చర్చి గదిలో బియ్యం గుమ్మరించి, పాస్టరుగారి ఫోను అడిగి తీసుకుంది.

"హరితా, సోమారం దాక వద్దు బిడ్డా. ఇయ్యాల్నే పోదాం. నాకు భయమైతుంది. నువ్వు జర తోడు రా. నేను స్టేషన్ల కూసుంట."

ఒక మనిషిని తోడు రమ్మని ఆమె అడగడం అదే మొదలు. అడిగాక ఏడుపొచ్చింది, హాయిగానూ ఉంది.

మూడింటి బండికి ఇంకా పావుగంట ఉందనగా హరిత వచ్చింది. పుష్పమ్మ ప్లాట్‌ఫారం బెంచీ మీద స్తంభానికి ఆనుకొని ఉంది. ఎండ మోకాళ్ల దాకా పాకినా కాళ్లు ముడుచుకోలేదు. హరిత పిలిచింది. పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదలలేదు.

జనం చేరారు. "ఆయుష్షు గంతే," అన్నదొక ముసలామె. పొద్దుటి బండి గుర్తొచ్చి హరిత తల వంచుకుంది.

పుష్పమ్మ ఒళ్లో, గాలికి ఎగిరిపోకుండా కళ్లజోడు కింద పెట్టి, మానుకోటకు రెండు టికెట్లున్నాయి.