దీపం పక్కన డిస్కు

అమ్మ పాడే ప్రార్థన మొదటి చరణం దాకా మా అందరికీ వచ్చు. రెండోది ఎవరికీ రాదు. రోజూ ఉదయం నేనూ మా ఆవిడా దేవుడి అల్మరా ముందు నిలబడి, వచ్చినంత పాడి, మిగతాది గొణిగి దణ్ణం పెట్టుకుంటాం.

అమ్మ ఉండగానే ఆ పాట వీడియో తీయించాం. అప్పట్లో బొమ్మ అద్దంలా కనిపించే కొత్త డిస్కులు రెండు రకాలు వచ్చాయి. ఒకదాని ప్లేయర్లో రెండోది ఆడదు. నేను ఎర్ర పెట్టె రకం కొన్నాను, బావ నీలం పెట్టె రకం కొన్నాడు. అందుకని ఎవరి డిస్కు వాళ్లం చేయించుకున్నాం. కొన్నాళ్లకు నా రకం బజారులోంచే మాయమైంది. బావ దెప్పడం మాత్రం మానలేదు.

మొన్న బావ డిస్కు మొరాయించింది. అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, ఇక నీదే దిక్కు. ఆ చరణం ఇప్పుడు నేర్చుకోకపోతే అమ్మ పాట మనతోనే సరి."

మూలపడ్డ ప్లేయరునూ రెండు డిస్కులనూ మోసుకుని నలుగురం మెకానిక్ దగ్గరికి వెళ్లాం.

"మీదానికి పై పూత గీసుకుపోయింది సార్, ఇక లేవదు" అన్నాడు బావతో. నాది వెలుతురుకు ఎత్తి చూశాడు. అంచున పొరలు ఉల్లిపొట్టులా లేచి ఉన్నాయి. "ఇది ఎక్కడ పెట్టారు?"

"దేవుడి దగ్గర, దీపం పక్కనే" అంది మా ఆవిడ.

"సెగకి జిగురు వదిలేసిందమ్మా. అసలే ఈ రకం జిగురు అంతంతమాత్రం."

బావ ఊరుకుంటాడా? "నీలం కొనరా అంటే విన్నావా, బావమరిదీ?"

"మీ నీలం వెలగబెట్టింది చూశాంలెండి" అంది అక్క. "గిర్రున తిరగడమే గానీ పనేం లేదు, అచ్చం మీలాగే!"

మెకానిక్ అంచు నొక్కి సరిచేశాడు. "ఒక్కసారి ఆడితే ఆడొచ్చు. మళ్లీ అడగొద్దు." అక్క ఫోనులో రికార్డింగు పెట్టింది.

తెర మీద అమ్మ పాడింది. మొదటి చరణం అయింది. గొంతు సవరించుకుంది. మా వైపు చూసి, "ఎంతసేపు నిలబడతార్రా? కూర్చోండి, కాళ్లు నొప్పెడతాయి" అంది. బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి, ఆగిపోయింది.

నలుగురం నిలబడే ఉన్నాం. ముందు బావ బల్ల మీద కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ డిస్కు పట్టుకుని అల్మరా ముందు ఆగింది. "దీన్నెక్కడ పెట్టను?"

పదిలంగా ఉంటుందనే కదా అక్కడ పెట్టుకున్నాం, స్వామీ? అడుగుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది. "కింది అరలో పెట్టు" అన్నాను.

మర్నాడు ఉదయం మొదటి చరణం పాడాం. రెండోదాని దగ్గర గొణగలేదు. ఇద్దరం కూర్చున్నాం.