పదిహేను ఆదివారాలు

శుభవార్త వచ్చేసరికి నిల్డా చేతిలో బంగుస్ చేప సగం విప్పి ఉంది. వీపు చీల్చి, పుస్తకంలా తెరిచి, చిన్న పట్టకారుతో ఒక్కొక్క ముల్లూ లాగాలి. చేపకి ఇంచుమించు రెండు వందల ముళ్ళు, నాలుగు పెసోల కూలి. ఒక్క ముల్లు మిగిలినా హోటలువాళ్ళు తిప్పి పంపేస్తారు. శనివారం ఆర్డర్లు ఎక్కువ. తల ఎత్తే తీరిక ఎవరికీ లేదు.

ఆమె జేబులో ఫోను వణికింది. తన ఫోను కాదు, భర్త లియాండ్రోది. అద్దం ఒక మూల పగిలింది. రోజూ దానికి చార్జింగ్ పెట్టి, పనికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటుంది.

"ఎవరే? చూడు," అంది ఎదుటి పీట మీది ఎస్తింగ్ అక్క.

నిల్డా చెయ్యి తుడుచుకుని పైకే చదివింది. "అభినందనలు, లియాండ్రో మమారిల్. మీరు జాతీయ సేవా శిక్షణ పూర్తి చేశారు. మీ సీరియల్ నంబరు వచ్చింది. ఈ రోజు పన్నెండులోపు ఆఫీసుకి వచ్చి సర్టిఫికెట్ తీసుకోగలరు."

బల్ల చుట్టూ పట్టకార్లు ఆగిపోయాయి. లియాండ్రో పోయిన నలభయ్యో రోజు ప్రార్థన నిన్ననే జరిగింది.

"మనిషి పోయాక పాసు చేశారా? వీళ్ళ మొహాలు మండా!" అంది ఎస్తింగ్. అంతలోనే గొంతు తగ్గించింది. "వెళ్ళి తెచ్చుకోవే. వాడు కష్టపడ్డదేగా. నీ చేపలు నేను చూస్తాలే. నాకు కళ్ళు ఆనవు, ముళ్ళు మిగిలిపోతే మాత్రం నన్ను తిట్టుకోకు."

ఆఫీసు వైపు వెళ్ళే జీప్నీ బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆ సీరియల్ నంబరు లేకపోతే కాలేజీలో డిగ్రీ ఇవ్వరు. పౌరసేవగానో సైనిక శిక్షణగానో పదిహేను ఆదివారాలు చెయ్యాలి. పౌరసేవలో చేరితే మొక్కలకీ పెయింటుకీ చందాలు వేసుకోవాలని, లియాండ్రో సైనిక శిక్షణలో చేరాడు. దానికి బూట్లు చాలు. పాతబట్టల దుకాణంలో దొరికిన బూట్లు ఒక సైజు పెద్దవి. వేళ్ళ దగ్గర కాగితాలు కుక్కింది నిల్డాయే. అరటి తొక్కతో రుద్ది మెరిపించింది కూడా. ఆ మెరుపులో తన ముక్కు కనిపిస్తే ఆ రోజు పొద్దుటే ఎంత నవ్వుకుందో!

పెళ్ళయిన కొత్త. మూడు నెలల కాపురం. ఒకటే గది, ఒకటే దోమతెర, రెండు కాఫీ కప్పులు. డ్రిల్లులో ఇంటిపేరు పిలుస్తారనీ, సొంత పేరు అరిచి చెప్పాలనీ అతను చెప్పిన రోజు నుంచీ ఇంట్లో అదొక ఆట అయింది. ఆమె పొయ్యి దగ్గర నుంచి "మమారిల్!" అని పిలిచేది. స్నానాలగది లోంచి, తల నిండా సబ్బుతో, "లియాండ్రో!" అని అరిచేవాడు. ఒకరోజు అతనే పిలిచాడు. ఆమె అటూ ఇటూ చూసింది.

"నిన్నేనోయ్. చర్చిలో నా ఇంటిపేరు తీసుకున్నావుగా, పలకవేం?"

"నిల్డా!" అని అరిచింది. పక్కింటి ముసలాయన గోడ మీద కర్రతో కొట్టాడు.

ఆ ఆదివారం కూడా అంతే. పదో ఆదివారం. పాన్‌డెసాల్ రొట్టె వేడిగా ఉంది, తినేసి వెళ్ళమంది. గుమ్మంలో నిలబెట్టి రెండుసార్లు పేరు పిలిపించుకుంది. పది నిమిషాలు ఆలస్యంగా పరిగెత్తాడు. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది, ప్రాణం పోయిందని. శిక్షణ ఆఫీసువాళ్ళు అక్కడే ఉన్నారు. ఇతను అసలు డ్రిల్లుకే రాలేదమ్మా, పదకొండింటికి గేటు బయట ట్రైసికిల్ ఆటోల స్టాండు దగ్గర పడిపోయాడు అన్నారు.

రాలేదా? మరి ఆరింటి నుంచి పదకొండు దాకా ఎక్కడున్నాడు? నలభై ఒక్క రోజులుగా ఆ ప్రశ్న ఆమె గొంతులో ముల్లులా ఉంది. అత్తగారు అడగలేదు, కానీ అనుమానంగా చూసింది. వీధిలో వాళ్ళు అడిగారు కూడా.

ఆఫీసులో ఇన్‌స్ట్రక్టర్ లేచి కుర్చీ చూపించాడు. మర్యాదగానే మాట్లాడాడు. బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్‌కి వెనక ఇంకో కాగితం గుచ్చి ఉంది. అలాగే చేతికిచ్చాడు. "పై ఆఫీసు నుంచి వచ్చిందమ్మా. దాంతోబాటు కుటుంబానికి మా సాయం, ఇరవై వేల పెసోలు. ఇక్కడ ఒక సంతకం పెడితే చాలు."

సంతకం పెట్టాల్సిన కాగితం నిల్డా చదివింది. 'నా భర్త ఆ రోజు శిక్షణకు హాజరు కాలేదు. అతని మరణానికీ శిక్షణకూ సంబంధం లేదు.' తర్వాత సర్టిఫికెట్ వెనకున్న కాగితం తిప్పింది. ముళ్ళు ఏరే కళ్ళు అవి. పదిహేను గళ్ళు. ఒకటి నుంచి పదిహేను వరకు, ప్రతి గడిలో హాజరు. పదో గడి మీద వేలు ఆగింది.

"సార్, ఇక్కడ హాజరు అని ఉంది."

ఇన్‌స్ట్రక్టర్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది... రాసేవాళ్ళ పొరపాటు. చూడండి, ఆ తర్వాత వారాలు కూడా వేసేశారు. చనిపోయినవాడు ఎలా వస్తాడమ్మా? ఇలా ఇవ్వండి, దిద్ది ఇస్తాను."

నిల్డా కాగితాన్ని గుండెకి ఆనించుకుంది. "రాడు సార్. చనిపోయినాయన రాడు. పదో ఆదివారం సంగతి చెప్పండి. అప్పుడు బతికే ఉన్నాడు."

"చదువుకున్నదానిలా మాట్లాడు. సంతకం లేకపోతే డబ్బు రాదు."

"చదువుకున్నాను కాబట్టే చదివాను," అని లేచింది. "పెట్టను."

గేటు దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. వెనక నుంచి ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. తెల్ల బనియను, బిగించి కట్టిన జుట్టు. పందొమ్మిదేళ్ళుంటాయేమో.

"అక్కా, నా పేరు చారితో. లియాండ్రో అన్నయ్య దళంలో పేర్లు పిలిచేది నేనే." ఊపిరి తీసుకోలేకపోతోంది. "ఆ రోజు వచ్చాడక్కా. పది నిమిషాలు లేటు. హాజరు వేసి, లేటని సార్‌కి చెప్పింది నేనే. డ్రిల్లయ్యాక పదింటికి ఈ ఇన్‌స్ట్రక్టర్ సారే చెక్క తుపాకీ తల మీద ఎత్తి పట్టుకుని పదిహేను రౌండ్లు పరిగెత్తమన్నాడు. ఎండ. పదకొండో రౌండులో పడ్డాడు. గేటు బయటికి మోసుకెళ్ళి పెట్టమన్నారు. మేమే మోశాం అక్కా. మేమే!"

నిల్డా చేతులతో మొహం కప్పుకుంది. తన చేతి వాసన తనకే వస్తోంది, చేప వాసన.

"తర్వాతి వారం ఆ పేరు దగ్గరికొచ్చాక కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పిలిచాను. వరసంతా కలిసి 'లియాండ్రో' అని అరిచారు. ఐదు ఆదివారాలూ అంతే, హాజరు వేశాను. కనీసం పూర్తిచేసినట్టయినా ఉంటుందని... తెలీక చేశాం, నీకు ఇబ్బందయితే..."

"నవ్వాడా?" అంది నిల్డా.

"ఆఁ?"

"లేటుగా వచ్చినప్పుడు."

చారితో కళ్ళు తుడుచుకుంది. "నవ్వాడు. ఎందుకు లేటంటే, 'మా ఆవిడ హాజరు తీసుకుందమ్మా' అన్నాడు. అందరం నవ్వాం. సార్‌కి అందుకే కోపమొచ్చింది."

అప్పుడు ఏడ్చింది నిల్డా. నలభై ఒక్క రోజుల ఏడుపు, ట్రైసికిల్ వాళ్ళంతా చూస్తుండగా. చారితో ఏం చెయ్యాలో తెలియక ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"రేపు ముగింపు పరేడ్ అక్కా," అంది చివరికి. "అందరి అమ్మానాన్నలూ వస్తారు. ఆఖరిసారి పేర్లు పిలుస్తాం. అన్నయ్య పేరు తీసెయ్యమని ఇప్పుడే చెప్పి పంపాడు సార్. నేనేం చెయ్యను?"

"నీ చదువు పోతుందా, పిలిస్తే?"

"తెలీదు."

"మరి భయంగా లేదా?"

"ఉంది."

"నాకూ ఉంది," అంది నిల్డా.

పనికి తిరిగి వచ్చేసరికి మూడయింది. ఆమె చేపలు ఎస్తింగ్ అక్క పూర్తిచేసి వరసగా పెట్టింది. నిల్డా కూర్చుని మొదటి చేప వేళ్ళతో తడిమింది. తోక దగ్గర ఒక ముల్లు తగిలింది. తీసి బల్ల అంచున పెట్టింది.

"చెప్పాగా, నాకు ఆనవని," అంది ఎస్తింగ్. "తెచ్చావా కాగితం?"

"తెచ్చాను. ఆయన ఆ రోజు వెళ్ళాడక్కా. డ్రిల్లుకే వెళ్ళాడు."

ఎస్తింగ్ పట్టకారు కింద పెట్టింది. "డబ్బేమన్నా ఇస్తామన్నారా?"

"అన్నారు. సంతకం పెట్టలేదు."

"పిచ్చిదానా," అంది ఎస్తింగ్, ఆమె తల మీద చెయ్యి వేసి.

"రేపు నేను పనికి రానక్కా. మీ ఇంట్లో పాత పేపర్లుంటే సాయంత్రం ఇవ్వు. ఆయన బూట్లు ఆయనకే పెద్దవి, నాకు ఇంకా వదులు. పొద్దున ఆరింటికి పరేడ్. ఆ వరసలో ఆయన చోట నిలబడతాను. మమారిల్ అని పిలిస్తే పలుకుతాను."

"పిలవకపోతే?"

నిల్డా ఇంకో చేప దగ్గరికి లాక్కుంది.

"నేనే పిలుస్తాను. నాకు అలవాటేగా."