దొరకు కప్పిన శాలువా

ఇంగ్లీషు చెప్పడానికి స్కాట్లాండు నుంచి వచ్చిన డంకన్ అనే కుర్రాడు ఆరు నెలల్లో ఇంగ్లీషు చెప్పడం తప్ప అన్నీ చేశాడు.

పెనుకొండ దగ్గర హైవే పక్కన వెలసిన ఆ ఇంజనీరింగు కాలేజీకి ఓనరు తిమ్మరాజు. హిందూపురంలో శనక్కాయ నూనె మిల్లు ఆడించి, నూనెలో లాభం తగ్గాక చదువులోకి దిగిన మనిషి. 2006 నాటికి చుట్టుపక్కల కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచి, ఒకరు ఏసీ బస్సు పెడితే ఇంకొకరు కంప్యూటర్లు పెడుతుంటే, తిమ్మరాజు ఏకంగా ఒక తెల్లదొరనే దించేశాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకే దాని మీద అపారమైన భక్తి. ఎవరు ఇంగ్లీషులో నోరు తెరిచినా, మూయగానే చప్పట్లు కొట్టేవాడు.

డంకన్ ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య మేడ మీద గదిలో ఉండేవాడు. పొద్దున్నే కాలేజీ బస్సెక్కేవాడు. దిగీ దిగగానే అటెండరు ఉలిగప్ప ఎదురొచ్చేవాడు.

"ఈపొద్దు క్లాసు ఉండాదా, ఉలిగప్పా?" అని తాను కొత్తగా పట్టిన తెలుగులో అడిగేవాడు డంకన్.

"యాడ క్లాసు సార్! ఆమడగూరులో అడ్మిషన్ల మీటింగు ఉండాది. జీపు కాచుకోనుండాది."

ఆమడగూరు కాకపోతే హిందూపురంలో సెల్‌ఫోన్ల అంగడి ప్రారంభం. అదీ కాకపోతే ఎవరో పెద్దమనిషి పుట్టినరోజు. ఎక్కడికెళ్లినా మైకు, దండ, శాలువా. మొదటిసారి కప్పిన జరీ శాలువాను చూసి డంకన్ పొంగిపోయాడు, వాళ్లమ్మకు పంపాలనుకున్నాడు. స్టేజీ దిగగానే ఉలిగప్ప దాన్ని సుతారంగా లాగి, మడతపెట్టి, జిప్పు సంచీలో పెట్టేసుకున్నాడు.

"ఇది కాలేజీది సార్. రేపు కనగానపల్లి సర్పంచికి కప్పల్ల."

ఆ ఒక్క శాలువా జిల్లాలో సగంమంది భుజాలు చూసింది. తానూ ఆ సంచీలో సరుకేనని డంకన్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. అయినా ఎవరి మీద చూపాలి? చూపితే చప్పట్లు కొడతారు.

అతన్ని ఎవరూ లాక్కుపోని చోటు ఒక్కటే, బస్సు. చెన్నేకొత్తపల్లిలో వనిత ఎక్కేది. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, చివరి సంవత్సరం చదువుతోంది. మార్చిలో బెంగుళూరు కంపెనీ వాళ్లు ఉద్యోగాలిచ్చేందుకు కాలేజీకి వస్తారని తెలిసి నిద్ర మానేసింది.

"అంతా తెలుస్తాది సార్. నోరే లేయదు," అంది.

డంకన్ ఒక రూలు పెట్టాడు. కిటికీ పక్క సీటు కావాలంటే తర్వాతి ఊరు వచ్చేదాకా ఇంగ్లీషులో మాట్లాడాలి. తప్పులు దొర్లినా సరే, ఆపకూడదు. మొదటి వారం అందరూ నిలబడే వచ్చారు. తర్వాత వనిత తప్పిపోయిన గొర్రెపిల్ల సంగతి మొదలుపెట్టి, అది దొరికేలోగా పెనుకొండ వచ్చేసింది. ఆ రోజు నుంచి కిటికీ కోసం కొట్లాట.

ఈ సంగతి తిమ్మరాజు చెవిన పడింది. ఆయన ప్రాణం విలవిల్లాడింది.

"ఏమప్పా ప్రిన్సిపాలూ, ఇంత దుడ్లు పోసి దొరను తెచ్చింది బస్సులో తిప్పేదానికా? రేపట్నుంచి ఆయప్ప ఇంటికాడికే జీపు పంపండి!"

డంకన్ ఆఫీసుకు వెళ్లి, తనకు జీపు వద్దని, పిల్లలు కావాలని, ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు. తిమ్మరాజు శ్రద్ధగా విని చప్పట్లు కొట్టాడు.

మార్చి వచ్చింది. కంపెనీ వాళ్లు పొద్దంతా ఇంటర్వ్యూలు చేసి, సాయంత్రం సభలో ఒకే ఒక్క పేరు చదివారు. వనిత! కంపెనీ ఆఫీసరు ఆమెను పిలిచి, ఇంత ధైర్యంగా మాట్లాడడం ఎవరు నేర్పారో చెప్పమన్నాడు.

వనిత మైకు పట్టుకుంది. ఇంగ్లీషులోనే చెప్పింది.

"మా డంకన్ సార్ నేర్పారు, ఈ కాలేజీ నేర్పలేదు. సార్ బస్సులో చెబుతుంటే ఆయన్ను జీపెక్కించుకుపోయారు. కిటికీ సీటు రూలు మేం వదల్లేదు, ఒకరికొకరం చెప్పుకున్నాం. నేను వెళ్లిపోతాను, మా చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇంకా ఆ బస్సులోనే ఉన్నారు. దయచేసి మా సార్‌ను బస్సుకు ఇచ్చేయండి."

ప్రిన్సిపాలు నేల చూపులు చూశాడు. ఆఫీసరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తిమ్మరాజు ఒక్కడే లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాడు.

"ఎంత బాగా పొగిడిందప్పా ఆ పాప!" అని మురిసిపోతూ డంకన్‌కు శాలువా కప్పాడు.

తర్వాతి వంతు ఆఫీసరుది. వెనక ఉలిగప్ప చెయ్యి చాపి సిద్ధంగా ఉన్నాడు. డంకన్ శాలువా తీశాడు, మడిచాడు, ఉలిగప్ప చేతిని దాటుకుని వెళ్లి వనిత రెండు చేతుల్లో పెట్టాడు.

"మీ అమ్మకు," అన్నాడు మైకులో, తెలుగులో.

హాలు దద్దరిల్లింది. అంతమంది ముందు ఆడపిల్ల చేతిలోంచి శాలువా లాక్కోవడం తిమ్మరాజుకు కూడా చేతకాలేదు. ఆఫీసరుకు వట్టి నమస్కారం పెట్టి సరిపెట్టాడు.

సభ అయ్యాక జీపు వాకిట్లోనే ఉంది. డంకన్ దాని పక్కనుంచే నడిచి బస్సెక్కాడు. కిటికీ దగ్గర వనిత అతనికి సీటు ఇవ్వబోయింది.

"వద్దు. రూలు రూలే," అని అతను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు కదిలింది. వెనకే తరుముకొస్తున్న జీపులోంచి ఉలిగప్ప కేకలేస్తున్నాడు, జీపు డ్రైవరు ఆపకుండా హారను కొడుతున్నాడు. చెన్నేకొత్తపల్లి దాకా ఆ రొద తగ్గలేదు. ఆ రొదలో డంకన్‌కు వినబడాలని పిల్లలంతా గొంతెత్తి ఇంగ్లీషు మాట్లాడాల్సి వచ్చింది.