అల్లం కొమ్ముల జాకెట్టు

"అక్కా, అచ్చం గిట్లనే కావాలె. ఒక్క పూస గూడ అటిటు కావద్దు" అంటూ దీక్షిత ఫోను ముందుకు చాపింది. ఆ ఫొటో చూసి శోభారాణి ఫోనును తన చేతిలోకి లాక్కుంది.

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ఆమె మగ్గం పని మొదలుపెట్టి పదకొండేళ్లు. ఇన్నేళ్లూ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లంతా ఇలా ఫోన్లు చాపినవాళ్లే. ఎవరో నటి వేసుకున్న నెమళ్లు, ఎవరో పెళ్లికూతురి వీపు మీది ఏనుగులు. కుట్టీ కుట్టీ ఆమెకు నెమలి అంటేనే వెగటు పుట్టింది. తన చేతిపనిని చూసి ఇది శోభారాణిది అని ఒక్కరైనా గుర్తుపట్టాలని ఆమె కోరిక. ఆ మాట అంటే, ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసే భర్త బస్వరాజ్ నవ్వేవాడు. "నేను బిగించిన బోల్టు నాదని ఎవడు గుర్తువడ్తడే?"

ఆమెకు ఒళ్లు మండేది.

ఒక్కసారి మాత్రం ఆ కోరిక తీరే వీలు దొరికింది. పోయినేడు కోహీర్ అనంతమ్మ కూతురు మానస తన పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, ఫోను తియ్యకుండా, "నీకు తోచింది కుట్టక్కా" అంది. శోభారాణి వాళ్ల చేనుకు పోయింది. అప్పుడే తవ్విన అల్లం గట్టు మీద కుప్పపోసి ఉంది. మట్టి అంటిన కొమ్ములు, వాటి మొనల దగ్గర లేత గులాబి రంగు. గట్టు మీదే కూర్చుని నోటుబుక్కులో గీసుకుంది. పంతొమ్మిది రోజులు మగ్గం ముందు కూర్చుని, మట్టిరంగు పట్టు మీద ఆ కొమ్ములను లేత పసుపు దారంతో పాకించింది. పెళ్లిలో అందరి కళ్లూ మానస వీపు మీదే.

ఇప్పుడు దీక్షిత ఫోనులో ఉన్నది ఆ వీపే. తల కనబడకుండా కత్తిరించి, కింద బంగారు అక్షరాలతో ఎవరో తమ దుకాణం పేరు వేసుకున్నారు.

"హైదరాబాద్‌ల పెద్ద బొటిక్‌ వాళ్ల స్పెషలంట" అంది దీక్షిత.

"గిది నేను కుట్టింది బిడ్డా."

దీక్షిత తన తల్లి సీతాబాయి వైపు చూసింది. సీతాబాయి మర్యాదకు నవ్వింది. శోభారాణి గబగబా నోటుబుక్కు తెచ్చి పేజీలు తిప్పి చూపించింది.

"ఫొటో చూసి గీసుకున్నవేమో తీ" అంది సీతాబాయి. ఆ గొంతులో వెటకారం లేదు. అదే మరీ గుచ్చుకుంది.

శోభారాణి మానసకు ఫోను చేసి, ఫొటో పంపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అయ్యో, గది నేనే అక్కా! మెడ కింద నా పుట్టుమచ్చ గూడ కనవడ్తలేదా?"

తల్లీకూతుళ్లు నమ్మారు. ఇక అంతా చక్కబడుతుందని శోభారాణి ఊపిరి పీల్చుకుంది.

"అయితె ఇంకా మంచిదే గదా" అంది దీక్షిత సంబరంగా. "కుట్టిన చెయ్యే గదా, మళ్ల గట్లనే కుట్టు."

"గది మానస కోసం గీసింది బిడ్డా. మీది న్యాల్‌కల్ గద? మీ చేన్లకొచ్చి చూస్త. నీ కోసం వేరే గీస్త."

"నాకు వేరేది వద్దక్కా, ఇదే కావాలె."

"ఒకసారి కుట్టింది మళ్ల కుట్టుడు నాతోని కాదు."

"పని తెలిసినదానివి, గింత పంతం ఎందుకమ్మా?" సీతాబాయి లేచింది. "పక్క సందుల చెన్నబసప్ప కుడ్తడంట, పా బిడ్డా."

వాళ్లు వెళ్లాక శోభారాణి ఆ బొటిక్‌కు మెసేజ్ పెట్టింది. అది తన పని అనీ, తన పేరు వెయ్యమనీ రాసింది. జవాబుగా ఎర్రటి గుండె బొమ్మ ఒకటి వచ్చింది. మళ్లీ రాస్తే మెసేజ్ పోలేదు. ఆమెను బ్లాక్ చేశారు.

రెండు నెలలు తిరక్కుండానే కోహీర్‌లో ఒక పెళ్లికి పోతే ముగ్గురి వీపుల మీద అల్లం కనబడింది. చెన్నబసప్ప చేతిలో కొమ్ములు ఉబ్బి ఆలుగడ్డల్లా ఉన్నాయి. మొనల దగ్గరి గులాబి రంగు అసలే లేదు. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచి, "హైదరాబాద్ డిజైనంట, చూసినవా? నీకొస్తదా?" అని అడిగింది.

శోభారాణి విస్తరి ముందు నుంచి లేచింది. దీక్షితకు కుట్టి ఇచ్చినా బాగుండేదేమో, కనీసం అల్లం అల్లంలా ఉండేది అనుకుంది. అంతలోనే, ఒకటి కుట్టి ఇస్తే ముప్పై కుట్టమనేవాళ్లు, అప్పుడు తానూ చెన్నబసప్పే అయ్యేది అనిపించింది. ఎటు తిప్పినా కడుపుమంట చల్లారలేదు.

ఇంటికి వచ్చి నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. ఇన్నేళ్లలో తన కోసం ఒక్క జాకెట్టయినా కుట్టుకోలేదని అప్పుడు తట్టింది. తానెప్పుడూ సాదా జాకెట్లే తొడుక్కునేది. దాచుకున్న నల్ల పట్టు ముక్కను మగ్గానికి బిగించింది. మొదట కుట్టిన తీగ ఎక్కడో చూసినట్టు ఉందని విప్పేసింది. రెండోది మళ్లీ అల్లం వైపే పోయింది. అదీ విప్పేసింది.

"ఏం కుడ్తున్నవే?" అన్నాడు బస్వరాజ్, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

"ఇంకా తెల్వది" అని విసుక్కుని, మూడోసారి సూదిలో దారం ఎక్కించింది.