నమిలిన అన్నం

మా దీవిలోని పల్లెల్లో తొలి బిడ్డ పుట్టిందంటే తల్లి పేరు చెరిగిపోతుంది. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఆమె ఫలానా బిడ్డ తల్లే. నన్ను ఇనాక్ మునావర్ అంటారు, అంటే మునావర్ తల్లి అని. నా అసలు పేరు నా మొగుడికే సరిగ్గా గుర్తులేదు.

నెలకోసారి మసీదు పక్క పందిరిలో పసిపిల్లల్ని తూచే పని నాది. జీతం లేదు, తిట్లకు మాత్రం కొదవలేదు. ఆ సోమవారం రౌహున్ తన తొలి బిడ్డ సఫియను తెచ్చింది. కాటాకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి ముల్లును రెండుసార్లు చూశాను. పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్ల. ఇరవై నాలుగో రోజుకు పెరగాల్సింది పోయి రెండొందల గ్రాములు తగ్గింది. పెదవి మూల ఎండిన మెతుకు అంటుకుని ఉంది.

"పాలు చాలట్లేదని మా అత్తమ్మ అన్నం నమిలి పెడుతోందక్కా," అంది రౌహున్ తల దించుకుని.

రోజుకు మూడుసార్లట. అన్నం మెత్తగా నమిలి, అరటాకులో చుట్టి, నిప్పుల మీద వెచ్చబెట్టి బిడ్డ నోట్లో పెడతారు. ఆ వంట నాకు తెలియనిదా? కడుపు అన్నంతో నిండితే బిడ్డ రొమ్ము పట్టదు. బిడ్డ పట్టకపోతే పాలు పడవు. పాలు పడలేదని మళ్ళీ అన్నమే. నర్సమ్మకు కబురు పెడితే మధ్యాహ్నం వచ్చి బిడ్డను చూస్తానంది. అంతదాకా ఆగే ఓపిక నాకు లేదు. రౌహున్‌ని వెంటబెట్టుకుని వాళ్ళింటికే నడిచాను.

వాళ్ళత్త అరుగు మీద అన్నం గిన్నె ముందేసుకుని కూర్చుంది. "రా ఇనాక్ మునావర్, కూర్చో," అని మర్యాదగానే పిలిచింది. బిడ్డను మాత్రం కోడలి చేతుల్లోంచి లాక్కుని ఒళ్ళో వేసుకుంది.

మర్యాద అక్కడితో సరి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని నేను మొదలుపెట్టానో లేదో, ఆవిడ అందుకుంది. తను ఏడుగుర్ని పెంచిందట, అందరూ దున్నల్లా ఉన్నారట. మూడు రోజుల శిక్షణకు పోయొచ్చి, కాటాకి పిల్లల్ని వేలాడదీసేదాన్ని, నేనా ఆవిడకు నేర్పేది? గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టుందట. పక్కింటి ఆడవాళ్ళు బియ్యం చెరగడం ఆపి మరీ విన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ ఊళ్ళో నమిలినన్నం తినకుండా పెరిగింది ఎవరు? తిని చచ్చింది ఎవరో ఒక్క పేరు చెప్పు," అంది. చెప్పలేవులే అన్నట్టు నా కళ్ళలోకే చూస్తూ పిడికెడన్నం నోట్లో వేసుకుని నమలడం మొదలెట్టింది.

"పెద్దమ్మా, నేను రాగానే నన్ను ఏమని పిలిచావు?"

ఆవిడ దవడ ఆగింది.

"ఇరవై ఏళ్ళుగా ఊరంతా నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఆ మునావర్ ఎక్కడున్నాడని ఒక్కరైనా అడిగారా?"

ఎవరూ అడగరు. తర్వాత ఇద్దరు పుట్టినా పేరు మారదు, అది తొలి బిడ్డదే. నా మునావర్ పొట్ట డోలులా ఉబ్బింది. పచ్చగా కక్కాడు. పేగు అన్నంతో మూసుకుపోయిందని పట్నంలో డాక్టరు చెప్పాడు. వాడు పోతే ఊళ్ళోవాళ్ళు రాత అన్నారు. నేనూ రాత అనే అన్నాను. నిజం నా నోట రాలేదు, ఆ రోజుదాకా.

"వాడికి అన్నం నమిలి పెట్టింది మా అత్త కాదు పెద్దమ్మా. నేనే. ఈ పళ్ళతోనే," అన్నాను. తల మాత్రం దించలేదు.

అప్పటిదాకా గుంజకు ఆనుకుని నిలబడ్డ రౌహున్ కదిలింది. అత్త ఒళ్ళోంచి బిడ్డను తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. అందరి ముందే కూర్చుని రొమ్ము అందించింది.

"అత్తమ్మా, మీరు నమిలింది మీరే తినండి," అంది.

పిల్ల రెండుసార్లు వదిలేసింది. మూడోసారి పట్టింది.

ముసలావిడ నోట్లోని అన్నాన్ని కష్టంగా మింగింది.

"ఎన్నాళ్ళవాడు?" అని అడిగింది.

"ఇరవై ఆరు రోజులు."

ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని మనవరాలి వైపు చూసింది. గిన్నె మీద మూత పెట్టి, కోడలికి పాలు పడేలా చారు కాయాలని మునగాకు దూస్తూ నాతో అంది:

"నీ మాట విన్నాననుకోకు. నీ కొడుకు మాట విన్నాను."