ఎవరి స్తంభాలు వాళ్లవి

మా థార్న్‌కోట్ చర్చిలో గంటల గోపురాన్ని మోసేవి నాలుగు స్తంభాలు. బలిపీఠం వైపున్న రెండూ పాదిరిగారివి, జనం కూర్చునే వైపున్న రెండూ ఊరివి. దేశమంతటా పద్ధతి ఇదే. బలిపీఠం ఉన్న గది మరమ్మతు పాదిరిది, జనం కూర్చునే హాలు మరమ్మతు ఊరిది. మధ్యలో నిలబడ్డ గోపురం ఎవరి కిందికి వస్తుందో, వందల ఏళ్ల కిందట నార్మన్ రాజుల కాలంలో దాన్ని కట్టినవాళ్లు చెప్పిపోలేదు. దాంతో తరతరాలుగా ఎవరి స్తంభాలకు వాళ్లు సున్నం కొట్టుకుంటూ వచ్చారు. పగులు కనిపిస్తే పైన గచ్చు మెత్తేవారు. లోపలికి తవ్వి చూసినవాడే గోపురమంతా బాగుచేయించాలంటారని భయం.

నా మొగుడు జాబెజ్ ఊరి తరఫున చర్చి పెద్ద. గంటలు మోగించే జట్టుకి నాయకుడు కూడా.

"మన స్తంభాలు చూడవే కెజియా, పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. ఆయనవి చూడు, గజ్జి పట్టినట్టు," అని ప్రతి ఆదివారం ప్రార్థన మధ్యలో నా చెవిలో గొణిగేవాడు.

కొత్తగా వచ్చిన లావింగ్టన్ పాదిరిగారికి పాతరాయంటే పిచ్చి. మర్నాడు బిషప్పుగారు వస్తున్నారనగా, ఆయనకి పాత చెక్కడం చూపించాలని తన స్తంభం మీది గచ్చు గీకించడం మొదలుపెట్టారు. ఆ పని మా మరిది ఎల్‌డ్రెడ్ చేస్తున్నాడు. నేను బల్లలు తుడుస్తున్నాను. పైన జాబెజ్, ఇంకో అయిదుగురు మెట్ల తలుపుకి లోపల గడియ వేసుకుని గంటలు మోగిస్తున్నారు. ఒకదాని వెంట ఒకటిగా గంటలు మోగే వరస ఒక్కసారి మొదలైతే పూర్తయ్యేదాకా ఆపకూడదు, మధ్యలో ఎవరూ పైకి రాకూడదు. అదీ వాళ్ల పంతం.

"రాయి భలే ఉంది వదినా. దీనిమీద ఇంకో గోపురం కట్టినా కదలదు," అన్నాడు ఎల్‌డ్రెడ్.

ఆ మాట అంటూనే వదులుగా ఉన్న ఒక రాయిని సరిగ్గా కూర్చుదామని బయటికి లాగాడు. ఆ బొక్కలోంచి దుమ్ము కారడం మొదలైంది. చిరిగిన బస్తాలోంచి పిండి కారినట్టు కారింది. ఆగుతుందని ఇద్దరం చూశాం. ఆగలేదు. పైన పెద్దగంట ఊగిన ప్రతిసారీ ఒక దోసెడు ఎగిరి పడుతోంది.

ఎల్‌డ్రెడ్ బొక్కలో చెయ్యి పెట్టాడు. భుజం దాకా వెళ్లిపోయింది. బయట చుట్టూ చెక్కిన రాళ్లు పేర్చి, లోపల రాళ్లముక్కలూ సున్నమూ పోసి కట్టారట. ఆ సున్నం వందల ఏళ్లుగా పొడైపోతూ ఉంది. వాడు పరుగెత్తి మా వైపు స్తంభాన్ని సుత్తితో తట్టాడు. ఖాళీ పీపాలా మోగింది. మా పెళ్లికొడుకులూ డొల్లే.

అప్పుడే లోపలికొచ్చిన పాదిరిగారు ఆ దుమ్ముకుప్పని చూసి తెల్లబోయారు.

"ఇది... నా స్తంభమేనా?" అన్నారు.

ఆ నిమిషంలో ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. "ఎవరిదైతే ఏంటండీ! పైన ఆరుగురున్నారు!" అని అరిచాను.

తలుపు బాదాం. ఆ గంటల మోతలో ఎవరికి వినిపిస్తుంది? చివరికి ఎల్‌డ్రెడ్ గునపంతో గడియ విరగ్గొట్టాడు. నేనే ముందు ఎక్కాను. గంటలగదిలోకి ఆడది అడుగుపెట్టడం అదే మొదలు. జాబెజ్ నన్ను దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"దిగవే! వరస పాడుచేస్తావా?"

"స్తంభాలు పిండైపోతున్నాయయ్యా! గోపురం పడిపోతోంది! రండి, అందరూ రండి!"

ఎల్‌డ్రెడ్ ఒంటినిండా ఉన్న దుమ్ము చూసి మిగతావాళ్లు నమ్మారు. తలకిందులయ్యేదాకా ఊగే ఆ గంటల్ని నోరు పైకి ఉండగానే నిలిపేసి, తాళ్లు వదిలేసి మెట్లవైపు దూకారు. జాబెజ్ మాత్రం పెద్దగంట తాడు వదల్లేదు.

"మీరు పదండి. దీని నోరు కిందికి దింపి వస్తా."

"నీకేమైనా పిచ్చా?"

"నోరు పైకున్న గంటను వదిలేసి పోవడమా? తెలియక ఎవడైనా తాడు లాగాడంటే వాణ్ణి పైకి ఎగరేసి చంపుతుంది. చిన్నవాటి సంగతి తర్వాత చూద్దాం. ఇది మనిషిని తినేసేదే."

"రేపటికి గోపురమే ఉండదురా మొగుడా! తాడు లాగేదెవడు?"

"అరవకే. ఇదిగో, వచ్చేస్తున్నా."

చొక్కా పట్టుకు లాగాను. చిరిగి చేతిలోకొచ్చింది. ఎల్‌డ్రెడ్ నన్ను ఎత్తుకుని కిందికి దించాడు. వాడి వీపు మీద గుద్దుతూనే ఉన్నాను.

సమాధుల మధ్య నిలబడి విన్నాం. పెద్దగంట ఊపు కొంచెం కొంచెం తగ్గుతోంది. దింపడం ఎంత పద్ధతిగా దింపుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది, అదే నన్ను మండించింది. చివరికి మోత ఆగింది.

"అయిపోయింది వదినా, దిగుతున్నాడు," అన్నాడు ఎల్‌డ్రెడ్.

అందరం తలుపువైపే చూస్తున్నాం. జాబెజ్ ఇంకా రాలేదు. అంతలోనే గోపురం కూలింది. ఏ పక్కకీ ఒరగలేదు. నిలబడ్డచోటే తనలోకి తాను దిగిపోయింది. దుమ్ము తగ్గాక దాని చోట ఆకాశం కనిపించింది. చిరిగిన చొక్కాముక్క ఇంకా నా చేతిలోనే ఉంది.

రాళ్లు తీయడానికి ఊరివాళ్లూ పాదిరిగారి మనుషులూ కలిసే వచ్చారు. ఏ రాయి ఎవరిదని ఆ రోజు ఎవరూ అడగలేదు.

జాబెజ్ పై మెట్ల రాళ్ల మధ్య దొరికాడు. గంటలగది దాటి నాలుగడుగులు కూడా వేయలేదు. పెద్దగంట తాడు కూడా దొరికింది. ఎల్‌డ్రెడ్ దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మోగించడం అయ్యాక వేసే చుట్టలు చుట్టి, చివర ముడి కూడా వేసి ఉంది.

మంచి పద్ధతైన మనిషని ఊరంతా పొగిడారు. పొగడనీ. ఆ ముడి వేయకుండా వచ్చుంటే మెట్లు దిగేసేవాడు.